బల్లి రాయి

చెప్పులు ఇందులో వేసుకోండి, సంచీ మీ దగ్గరే ఉంచుకోండి.
మోంగ్గో, లోపలికి దయచేయండి.
సోలో నగరం చూడొచ్చిన వాళ్లంతా
ఈ మండపంలో మూడో అడుగుకే తలెత్తుతారు.
మీరూ ఎత్తారు.
ఫర్వాలేదు, రాత్రికి మెడ పట్టేస్తుంది, అంతే.

పైన ఆ రంగులున్నాయే,
ఒక్కోటి ఒక్కో కీడును ఆపుతుందట.
పసుపు నిద్రమత్తును, నలుపు ఆకలిని,
మిగతావి గైడు కుర్రాడు చెప్తాడు, నాకు నోటికి రావు.
ఇరవై రెండేళ్లు ఈ కప్పు కిందే ఆడాను.
కప్పును చూడలేదు.

బెడాయ నాట్యంలో చూపు లేవకూడదు.
నాలుగు మూరల అవతల నేల మీద వాలి ఉండాలి,
నూతిలో జారిన చేద కోసం వెతుకుతున్నట్టు.
తొమ్మిదిమందిమి. ఒకే కట్టు, ఒకే బొట్టు,
ఎవరి తల్లి వచ్చినా ఎవరు తన కూతురో పోల్చుకోలేదు.
కాళ్ల మధ్య ఈడ్చుకొచ్చే బట్ట మడతలో గులాబీ రేకులు.
మడమతో బట్టను పక్కకు తోస్తే
రేకులు రాలతాయి. చప్పుడు కాకూడదు.
అయితే మా గురువమ్మకు వినబడేది.

అందుకని నాకు నేల తెలుసు.
ఓడలో వచ్చిన పాలరాళ్లు ఇవి.
ఆరో మనిషిని నేను, నా చోటులో ఒక రాయి,
రాతిలో బూడిదరంగు జీర, అచ్చం బల్లి.
తోక వంకర, ఒక కాలు లేదు.
బొటనవేలు దాని వీపు మీద ఆనించానంటే
ఇక గాంగ్ మోగినా మోగకపోయినా నాకు దిగుల్లేదు.
మా అమ్మ పోయిన వారం కూడా అక్కడే నిలబడ్డాను.
మావైపు బల్లి ఎన్నిసార్లు పలికిందో లెక్కపెట్టి
జరుగుతుందో జరగదో తేల్చుకుంటారు.
నా బల్లి ఒక్కసారీ పలకలేదు.

పోయిన వానాకాలం కప్పు కారింది.
వడ్రంగి వాగియో వచ్చాడు.
ఇంత కట్టడంలో ఇనప మేకు లేదు, కర్రను కర్ర కరిచిపట్టుకుని ఉంది.
పుచ్చకాయ కొనేవాడిలా స్తంభాన్ని వేలి కణుపుతో కొట్టి,
చెవి ఆనించి విని,
"ఇది బాగుంది బు సుప్రాప్తి, మోసం చేస్తున్నది ఆ పైది" అన్నాడు.
పరంజా నిలబెట్టడానికి రాళ్లు ఊడదీశారు,
ఒక్కోదాని మీద సుద్దతో అంకె వేశారు.
ఆ రాత్రి జల్లు కొట్టింది.
తెల్లారేసరికి అంకెల్లేవు.

ఎలాగో సర్ది పరిచేశారు. నేల చదునుగానే ఉంది,
గోళీ పెట్టినా దొర్లదు.

బుధవారం సాధనకు నింగ్రుమ్ వచ్చింది.
ఇప్పుడు ఆరో మనిషి తనే. పంతొమ్మిదేళ్లు,
నడికట్టులో ఫోను దోపుకుంటుంది, నేను చూడనట్టు ఉంటాను.
"బు, నేనెక్కడ నిలబడాలి?"
బల్లి మీద, అనబోయి
వెతికాను. లేదు.
వెలవెలబోయి చూస్తుంటే, ఆ పిల్లే
పక్కమనిషి భుజం నుంచి రెండు జానలు కొలుచుకుని
నిలబడింది.
సరిగ్గా అక్కడే.

అందరూ వెళ్లాక చీపురు పట్టుకుని
రేకులు ఊడుస్తూ, రాయి రాయీ చూసుకుంటూ పోయాను.
వాయిద్యాల వెనక, పెద్ద గాంగ్ నీడలో దొరికింది,
డోలు వాయించేవాడు టీ గ్లాసు పెట్టుకునే చోట.
బల్లి నడుం మీద గుండ్రంగా టీ మరక.
నవ్వొచ్చింది. కొంగుతో తుడిచాను, పోలేదు.
ఆ మూలన ఏ నర్తకీ ఏనాడూ నిలబడలేదు.
మోకాలు వద్దంటున్నా బొటనవేలు ఆనించాను.
ఒక్క వరస ఆడాను. బట్ట లేదు, చీపురుంది.
ఆపైన, ఇక తిట్టేవాళ్లెవరూ లేరు కదా,
తలెత్తాను.

నా నెత్తిమీద వాగియో వేసిన కొత్త దూలం.
ఇంకా రంగు వేయలేదు.
ఏ కీడునూ ఆపలేని పచ్చి టేకు,
తడి తడిగా వాసన.

అదిగో, ఆ మూలనే. వెళ్లి చూసుకోండి.
గాంగ్‌కు తగలకుండా. ఇంకాస్త ఇటు.
ఆఁ, అంతే.
ఇప్పుడు కొంచెం కాలు తీయండి,
మీరు దాని తోక మీద ఉన్నారు.